రెడ్డెమ్మక్క కుందేళ్ళూ, నా రెండు గీతలూ

పోయిన వారం మా కాలేజీ ల్యాబుకు ఒక పార్సిల్ వచ్చింది. థర్మకోల్ పెట్టె మూత లాగితే కిర్రుమంది. లోపల ఐసు ప్యాకెట్లు, వాటి నడుమ ఒక ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో చిటికెన వేలి కొనంత సీసా, అందులో రెండు చుక్కల ద్రవం. లేబుల్ మీద మనిషి ఒంట్లో చక్కెరను విడగొట్టే ఒక ఎంజైము పేరు, దాని కింద 'రాబిట్ పాలిక్లోనల్ యాంటీబాడీ' అని రాసి ఉంది. సీసాను అరచేతిలో పెట్టుకుంటే చల్లదనం జివ్వుమని మోచేతి దాకా పాకింది. పక్కనే ఉన్న ఎమ్మెస్సీ అమ్మాయి ఒకతె, "ఇందులో కుందేలు ఎక్కడుంది మేడమ్?" అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ కుందేలు ఎక్కడుందో నాకు బాగా తెలుసు. పుంగనూరు నుంచి చౌడేపల్లెకు పోయే దారి పక్కన, ఒక రేకుల షెడ్డులో, రెడ్డెమ్మక్క ఒళ్ళో ఉంది.

అది తొంభైల నడిమి మాట. మాది మదనపల్లె. కుప్పంలో ఒక ప్రొఫెసరు దగ్గర పరిశోధన చేసేదాన్ని. ఆయన్ని అందరం సారు అనేవాళ్ళం. ఇప్పటిలా యాంటీబాడీలను సీసాల్లో తెప్పించుకునే రోజులు కావు, మాలాంటి చిన్న ల్యాబుకు మరీను. కావలసినదాన్ని మనమే తయారు చేసుకోవాలి. మనిషి రక్తం నుంచి ఎంజైమును శుద్ధి చేయాలి, దాన్ని కుందేలుకు ఎక్కించాలి, అది కొత్త సరుకని కుందేలు ఒళ్ళు గుర్తుపట్టి దాన్ని పట్టుకునే యాంటీబాడీలను తయారు చేసేదాకా ఆగాలి, అప్పుడు దాని రక్తం కొంచెం తీసుకోవాలి. మా ల్యాబులో యంత్రాలు నాలుగు ఉండేవి గానీ జంతువులను ఉంచే చోటు లేదు. సారుకు తెలిసిన పశువుల డాక్టరు ఒకాయన పుంగనూరులో రెడ్డెమ్మను చూపించాడు. ఎవరో మాంసం వ్యాపారం చేద్దామని తెల్ల కుందేళ్ళను తెచ్చి షెడ్డు వేశారట. వాటి ముఖం చూస్తే ఆ ఊళ్ళో ఎవరికీ కత్తి పట్టడానికి చెయ్యి రాలేదు. వ్యాపారం మూతపడింది, కుందేళ్ళు పెరిగిపోయాయి. పక్క పొలంలో నాలుగు ఆవులను పెట్టుకుని పాలమ్ముకునే రెడ్డెమ్మ, 'ఆవులకు కోసే గడ్డిలో వీటికీ ఇంత పడుతుందిలే' అని ఆ షెడ్డును తీసుకుంది.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా కుడి చెవి మండుతుంది. కుందేలు రక్తం చెవి అంచున ఉండే నరం నుంచి తీస్తారు. ఆ నరం ఉబ్బడానికి జైలాల్ అనే ద్రవం రాయాలని పుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉన్నదంతా నాకు వచ్చని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. దర్జాగా సీసా మూత తీశాను. రెడ్డెమ్మ, నలభై ఏళ్ళు దాటిన మనిషి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చంకలో కుందేలుతో వచ్చి ముక్కు చిట్లించింది.

"ఏందమ్మా ఆ మందు? ఇంత గాటుగా ఉండాది?"

"చెవికి రాస్తే నరం ఉబ్బుతుందక్కా."

"మండదా?"

"కొంచెం. ఏం కాదులే."

"ఏం కానప్పుడు ముందు నీ సెవికి రాసుకో, సూస్తాం."

రోషానికి పోయి రాసుకున్నాను. అర నిమిషం గడిచేసరికి చెవి పట్టుకుని షెడ్డు చుట్టూ తిరుగుతున్నాను. రెడ్డెమ్మ మాత్రం నా చెవిని వెలుతురుకు తిప్పి చూసి, "పుస్తకం నిజమే సెప్పిందమ్మా, నరం బాగా ఉబ్బింది, తీస్తామా నెత్తురు?" అని పగలబడి నవ్వింది. తర్వాత వేడి టీ గ్లాసును రెండు అరచేతులతో చుట్టి పట్టుకుని, ఆ వెచ్చని చేతుల మధ్య కుందేలు చెవిని పెట్టుకుని, దానితో ఏదో గొణుగుతూ కూర్చుంది. కాసేపటికి నరం దారంలా తేలింది. కుందేలు కదలనైనా కదల్లేదు. నేను ఒక చెవి ఎర్రగా, ఒక చెవి మామూలుగా పెట్టుకుని పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాను. ఎక్కించబోయే ముందు రక్తం ఎలా ఉందో చూడాలి కాబట్టి రెండు కుందేళ్ళ రక్తమూ తెచ్చాను. నా నోటుపుస్తకంలో అవి ఒకటి, రెండు. రెడ్డెమ్మక్క లెక్కలో పెద్దమ్మి, చిన్నమ్మి.

ఆమె పెట్టిన షరతు ఒకటే. "నెత్తురిస్తాం, పానమియ్యం." ప్రతిసారీ గాజు ట్యూబుకు తానే ఒక నల్లదారం కట్టేది. రక్తం ఆ దారం దాకా వచ్చిందంటే దూది పెట్టి చెవి నొక్కేసేది. ఇంకొక్క చుక్క అని బతిమాలినా, సారు పేరు చెప్పి బెదిరించినా లాభం లేదు. "మీ సారును వచ్చి ఆయన సెవి పెట్టమను" అనేది.

ఇదంతా ఎందుకో తెలుసుకోవాలని ఆమెకు పట్టుదల. నాకు చదువు చెప్పడం అనే పని మొదట నేర్పింది ఆమే అనాలి, ఎందుకంటే ఆమెకు అర్థమయ్యేదాకా వదిలేది కాదు. మూడు రకాలుగా చెప్పాను, మూడూ తేలిపోయాయి. నాలుగోసారి చెబుతుంటే మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండు. పోలీసు కుక్కకు దొంగ గుడ్డ వాసన సూపిస్తారే, అట్లనా? నువ్వెక్కించేది గుడ్డ. పెద్దమ్మి నెత్తుట్లో తయారయ్యేది కుక్క. దాన్ని పట్కపోయి ఇడిస్తే యాడున్నా ఆ దొంగను పట్టుకుంటాది." అంతకంటే బాగా నేను ఇరవై ఏళ్ళుగా ఏ క్లాసులోనూ చెప్పలేకపోయాను. ఈ మధ్య ఆ ప్రయత్నం మానేసి ఆమె మాటే వాడుకుంటున్నాను.

ఇక నా తప్పు ఇక్కడ మొదలైంది. ఎనిమిది నెలలు కష్టపడి శుద్ధి చేసిన ఎంజైము ఒక్క కుందేలుకే సరిపోయింది. రెండోదానికి ఏం చేయాలి? శుద్ధి చేసేటప్పుడు చివర్లో వచ్చిన మిగులు కొంత దాచి పెట్టాను. అందులో ఎంజైము ఉంది, దానితోపాటు రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ కూడా కొంచెం అంటుకుని ఉంది. కంటికి లేత గులాబీ రంగు. ఇంకోసారి శుద్ధి చేస్తే పోయేదే, కానీ నాకు ఓపిక తక్కువ. రెండు ట్యూబులూ పట్టుకుని పుంగనూరు వెళ్ళాను. రెడ్డెమ్మక్క వాటిని ఎండకు ఎత్తి చూసింది.

"ఇదీ అదీ ఒకటేనా? ఇది ఎర్రగా ఉండాదే?"

"ఒకటేలే అక్కా."

"ఒక గుడ్డే సూపిస్తాండావా, రెండు గుడ్డలు మూటకట్టి సూపిస్తాండావా?"

"అబ్బా, ఒకటే అంటున్నాను కదా!"

శుద్ధమైనదాన్ని పెద్దమ్మికీ, గులాబీ రంగుదాన్ని చిన్నమ్మికీ ఎక్కించడానికి విడివిడిగా నూనెతో కలిపి వెన్నలా చిలికాం. బాగా కలిసిందో లేదో తెలియాలంటే ఒక చుక్కను నీళ్ళలో వేయాలి, అది విచ్చిపోకుండా తేలాలి. ఆ పరీక్ష మాత్రం రెడ్డెమ్మక్కకు నేను చెప్పే పని లేకపోయింది. రోజూ మజ్జిగ చిలికే చేతులవి.

మూడు వారాలకోసారి మళ్ళీ ఎక్కించాలి. పొద్దున్నే ఎక్కించాల్సి వస్తే ముందురోజే వెళ్ళి వాళ్ళింట్లో పడుకునేదాన్ని. అలాంటి ఒక ఉదయం ఆమె పాలు పితకడం చూశాను. ఒక్కొక్క ఆవు దగ్గరా ముందు నాలుగు ధారలు చిన్న ఇత్తడి గ్లాసులోకి పిండి, రంగు చూసి, వాసన చూసి, నాలుకకు తగిలించుకుని, అప్పుడు గానీ బకెట్టు పెట్టదు. నాలుగు ఆవులకు నాలుగుసార్లూ అదే తంతు. అన్నీ చివరికి ఒకే క్యానులోకి పోయేవే కదా, ఎందుకింత చాదస్తమని అడిగాను. "ఒకదానికి పొదుగువాపు ఉండిందనుకో, క్యానంతా పాయె. కలిపినాక యా ఆవు పాలని యాడ ఎదుక్కుంటావు?" అంది. నేను తలూపాను. తలూపడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు.

పెద్దమ్మి రక్తం మొదట సిద్ధమైంది. గడ్డకట్టించి, పైన తేలిన లేత పసుపు సీరం తీసి పరీక్ష పెట్టాను. గాజు పళ్ళెంలో జెల్లీలాంటి అగర్ పోసి, నడిమి గుంటలో సీరం, చుట్టూ గుంటల్లో రక్తకణాల సారం వేస్తే, రెండూ ఒకదానివైపు ఒకటి నానుకుంటూ వచ్చి, యాంటీబాడీ తన ఎంజైమును పట్టుకున్న చోట తెల్లటి గీత పడుతుంది. మర్నాడు పళ్ళేన్ని కిటికీ దగ్గర ఎత్తి చూస్తే, ఒకే ఒక్క గీత, సన్నగా, స్పష్టంగా! సారు ఆ పళ్ళెం పట్టుకుని వరండాలో ప్రతి గదికీ వెళ్ళి చూపించి వచ్చారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

అయితే ఒక్క గీత చాలదు. రెండు వందల మంది రక్తనమూనాలు పరీక్షించేటంత సీరం కావాలి. దారం దాటి ఒక్క చుక్క రాదు. ఫెలోషిప్ ఇంక ఆర్నెల్లే ఉంది. శుద్ధి చేసిన ఎంజైము అడుగంటింది. ఈలోగా చిన్నమ్మి రక్తం కూడా చేతికొచ్చింది. ఆ సాయంత్రం కుప్పంలో బల్ల మీద పెద్దమ్మి సీరం ట్యూబులు ఒక వరస, చిన్నమ్మి ట్యూబులు ఒక వరస పెట్టుకుని కూర్చున్నాను. చిన్నమ్మిది విడిగా పరీక్ష పెడితే ఇంకో రోజు పోతుంది. అన్నీ కలిపితే ఒకే సీసా, ఒకే నంబరు, చూడ్డానికీ పొందిగ్గా ఉంటుంది. కలిపేశాను. ఎంత శ్రద్ధగా కలిపానంటే, ట్యూబు గోడలకు అంటుకున్న చుక్కను కూడా వదల్లేదు.

మర్నాడు పళ్ళెంలో రెండు గీతలు.

మొదట నా కళ్ళనే అనుమానించాను. తర్వాత అగర్‌ను అనుమానించాను, నీళ్ళను అనుమానించాను. రెండోసారి పెట్టాను, మూడోసారి పెట్టాను. ప్రతిసారీ రెండే. ఒకటి ఎంజైముది, ఇంకొకటి హిమోగ్లోబిన్‌ది. రక్తంలో హిమోగ్లోబిన్ లేని మనిషి ఉండడు కాబట్టి ఈ సీరంతో ఎవరిని పరీక్షించినా రెండో గీత పడుతుంది, ఏది ఎంతో తేల్చలేం. ఎనిమిది నెలల ఎంజైము, పెద్దమ్మి ఇచ్చిన రక్తమంతా, నా మూడేళ్ళ చదువు, ఆ ఒక్క సీసాలో కలిసి పాడయ్యాయి. సారు కంటపడకుండా తప్పించుకు తిరిగాను. నాలుగో రోజుకు ఒక ఉపాయం తట్టింది. శుద్ధ ఎంజైము అడుగున ఒకటి రెండు చుక్కలు ఉన్నాయి. పళ్ళెంలో రక్తకణాల సారం బదులు దాన్ని పెడితే ఒక్క గీతే వస్తుంది. ఆ ఫొటో చూపిస్తే చాలు. ఎవరికి తెలుస్తుంది?

ఆ ఉపాయాన్ని మనసులో పెట్టుకునే పుంగనూరు వెళ్ళాను. రెడ్డెమ్మక్క గడ్డి కట్ట విప్పుతూ నా వైపు ఒక్క చూపు చూసింది.

"మొకం యాల అట్లుండాది? బస్సులో కక్కినావా?"

చెప్పకూడదనుకున్నదంతా చెప్పేశాను. గులాబీ రంగు ట్యూబు, కలిపేసిన సీసా, రెండు గీతలు, అన్నీ. తిడుతుందనుకున్నాను. ఆమె గడ్డి మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

"రెండు గుడ్డలు సూపిస్తివి. కుక్క ఇద్దరు దొంగల్ని పట్టకొచ్చె. కుక్క తప్పేముందమ్మా? మా సిన్నమ్మి మంచిది."

నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. అప్పుడే ఫొటో ఉపాయం కూడా చెప్పాను. ఆమె నవ్వు ఆపేసింది. గడ్డిపరకలు ఏరుతూ, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

"కొత్తగా ఆవును తెచ్చినప్పుడు దానికి పొదుగువాపు వచ్చింది. ఒకపూట పాలే కదా అని సెప్పకుండా పాలకేంద్రంలో పోసేసినా. ఊరి పాలన్నీ ఇరిగిపోయినాయి. నువ్వు పోసినావంటే నువ్వు పోసినావని ఆడోళ్ళంతా ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. రెండు దినాలు నాకు కూడు దిగలా. మూడోనాడు పోయి నేనేనని సెప్పేసినా. ఆ పాలు పట్టే ఆయప్ప ఏమన్నాడో తెలుసా? 'ముందే సెప్పింటే నీ ఒక్క క్యాను పక్కన పెట్టుండేవాణ్ణి కదమ్మా' అన్నాడు. అంతే. తిట్టను గూడా తిట్టలా." గడ్డి దులుపుకుని లేచి, "పో. ఈపొద్దే పోయి మీ సారుకు సెప్పు. ఏం సేయాల్నో ఆయనకు తెలుసుంటాది. తెలీకపోతే ఇద్దరూ కలిసి ఏడవండి" అంది.

ఆ మధ్యాహ్నం బస్సులో కుప్పం దాకా నేను చెప్పబోయే మాటలను వల్లె వేసుకున్నాను. సారు గదిలోకి వెళ్ళాక ఒక్కటీ గుర్తు రాలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, "నేనే కలిపేశాను సార్, పరీక్షించకుండా" అన్నాను. ఆయన పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఎప్పుడు తెలిసింది?"

"నాలుగు రోజులైంది సార్."

"నాలుగు రోజులు దండగ చేశావు కదమ్మా. రెండో గీత హిమోగ్లోబిన్‌ది. ఆ యాంటీబాడీలకు కావలసింది హిమోగ్లోబినే. ఈ సీరంలో దాన్ని కొంచెం కొంచెం కలుపు. అవి దాన్ని పట్టుకుని ముద్దకట్టి అడుక్కు దిగిపోతాయి. పైన తేలింది తీసుకో. ఎంజైమును పట్టుకునేవి పైనే మిగులుతాయి."

అంత సులువా అని నిలబడిపోయాను. అంత సులువేమీ కాలేదు, ఎంత కలపాలో తేలడానికి పది రోజులు పట్టింది. కానీ పదకొండో రోజు పళ్ళెంలో ఒకే గీత పడింది. మొదటిదానికంటే కొంచెం పలచన, అయినా ఒకటే. ఆ గీతను చూసి ఏడ్చినంతగా నేను నా పెళ్ళిలో కూడా ఏడవలేదు. ఈ సంగతి పుంగనూరులో చెబితే రెడ్డెమ్మక్కకు ఆశ్చర్యమేమీ వేయలేదు. "మా అమ్మ బురదనీళ్ళ కుండలో చిల్లగింజ అరగదీసేది. మడ్డంతా అడుక్కు పోయేది. మీ సారు గూడా అదే సేసినాడు" అని, ఆ ఆనందంలో పెద్దమ్మికీ చిన్నమ్మికీ చెరొక క్యారెట్టు పెట్టింది. నాకేమీ పెట్టలేదు.

నా వైవా రోజున ఆమె రెండు బస్సులు మారి కుప్పం వచ్చింది. "మా అమ్మీల గురించి ఏం సెప్తావో ఇనాల" అని వెనక బెంచీలో కూర్చుంది. అంతా ఇంగ్లీషులో జరుగుతుంటే హాయిగా కునుకు తీసింది. అయితే నా నోట 'రాబిట్' అనే మాట వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి, కొంగు సర్దుకుని, పరీక్షకుడి వైపు గర్వంగా చూసేది. నా పరిశోధనలో ఆ మాట చాలాసార్లే వస్తుంది పాపం, ఆమెకు సరైన కునుకు పట్టనే లేదు. రెండు గీతల ఫొటో కూడా థీసిస్‌లో పెట్టాను. దీన్నెందుకు అచ్చువేశావని పరీక్షకుడు అడిగాడు. జరిగింది చెప్పాను. ఆయన ఊఁ కొట్టి పేజీ తిప్పాడు. నేను ఆ నాలుగు రోజులూ వణికింది ఆ ఊఁ కోసమా అనిపించింది.

తర్వాత మదనపల్లెలో ఉద్యోగం వచ్చింది. కుందేళ్ళు రెండూ ముసలితనంతో చనిపోయాయి. రెండు వేల సంవత్సరం దాటాక రెడ్డెమ్మక్క ఆవులను అమ్మేసింది, కళ్ళకు శుక్లాలు వచ్చాయి. నెలకోసారైనా పుంగనూరు వెళ్ళేదాన్ని. నా విద్యార్థులతో కలిసి మొదటి వ్యాసం రాసినప్పుడు, అచ్చుకు పంపకముందే దాన్ని పట్టుకెళ్ళి, ఆమె మంచం పక్కన కూర్చుని, వాక్యం వాక్యం తెలుగు చేసి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. అయిపోయిందక్కా అన్నాను.

"అయిపోయిందా? మరి నువ్వు తప్పు యాడ సేసినావో అది సదవలేదే?"

"ఇందులో తప్పేమీ లేదక్కా" అన్నాను. నా గొంతు నాకే తెలియని మనిషి గొంతులా వినిపించింది. ఆమె నా చెయ్యి వెతుక్కుని పట్టుకుని, "అట్లనా, మంచిది" అంది. నిజానికి మొదటి విడత నమూనాలు పదహారు, ఫ్రిజ్ ఆగిపోయి పాడైతే, వ్యాసంలో అవి అసలు లేనట్టే వదిలేశాను. మర్నాడు కాలేజీకి వెళ్ళగానే ఆ పదహారింటి గురించి ఒక పేరా రాసి చేర్చాను.

ఆమె పోయి ఇప్పటికి చాలా ఏళ్ళైంది. ఏ వ్యాసమైనా పంపించే ముందు గది తలుపు వేసుకుని, ఇంగ్లీషును పక్కన పెట్టి, మొత్తం తెలుగులో బిగ్గరగా చదువుకుంటాను. చదువుతూ చదువుతూ ఏదో ఒక చోట గొంతు తడబడుతుంది. అక్కడ ఆగి, పెన్ను మూత తీస్తాను.